నిలిచెడి నాదము: సస్టెయినర్ గల విద్యుత్ గిటారు ఎంపిక

వీణయైనను గిటారైనను మీటినంతనే పలుకును. పలికినంతనే క్షీణింప నారంభించును. వ్రేలు తంత్రికి ఇచ్చిన శక్తి కొలదిసేపటిలో హరించిపోవుటయే ఇందులకు కారణము. గాత్రమునకు ఊపిరియు, వయొలినుకు కమానును ఎడతెగక శక్తి నిచ్చుచుండును. మీటు వాద్యములకు ఆ సౌకర్యము లేదు. ఈ కొరత తీర్చుటకై విద్యుత్ గిటారులోనే అమర్చబడు సాధనమును సస్టెయినర్ అందురు.

నాదము నిలుపుటకు విద్యుత్తు నాశ్రయించుట తెలుగువారికి క్రొత్త కాదు. 1969లో పాలకొల్లున జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్‌పై కర్ణాటక సంగీతమును పలికించి ఖ్యాతి గాంచెను. జంట తీగల మామూలు మాండొలిన్‌లో స్వరము త్వరగా తెగిపోవును. గమకమునకు చోటు చాలదు. ఆయన ఐదు ఒంటి తీగల విద్యుత్ మాండొలిన్‌ను చేపట్టి ఆ చిక్కును దాటెను. 2014లో ఆయన గతించెను. క్షీణించుచున్న నాదమును పెద్దదిచేసి వినిపించుట ఆ వాద్యము పద్ధతి. సస్టెయినర్ మరియొక అడుగు ముందునకు వేసి తంత్రినే కదలించుచుండును.

అది యెట్లో చూతము. తంత్రుల క్రింద, బ్రిడ్జి చెంతనుండు పికప్‌లో అయస్కాంతమును, రాగితీగ చుట్టయు ఉండును. ఉక్కు తంత్రి కదలగా ఆ చుట్టలో స్వల్ప విద్యుత్తు పుట్టును. సస్టెయినర్ దానిని వృద్ధిచేసి, గిటారు మెడ చెంతనున్న వేరొక చుట్టకు పంపును. ఊగుచున్న ఊయలను అదనెరిగి త్రోసినట్లు, ఆ చుట్ట తంత్రి కంపమునకు సరిగా దానిని లాగి విడుచుచుండును. నైలాన్ తీగలపై ఇది పనిచేయదు.

ఆంప్లిఫయరును మిక్కిలి హెచ్చుగా పెట్టినను, ఆ ధ్వని తాకిడిచే తంత్రి కదలుచునే యుండును. కాని గోదావరిఖని, రామగుండము క్వార్టర్లలో అది తగునా? రాత్రి షిఫ్టు దిగివచ్చిన గని కార్మికుడు పగటివేళ నిద్రించును. అతని నిద్ర చెడిన యెడల మరునాటి పనిలో ప్రమాదమునకు దారి యేర్పడును. సస్టెయినర్‌కు హోరుతో నిమిత్తము లేదు. హెడ్‌ఫోను పెట్టుకొనియు స్వరమును నిలుపవచ్చును. మనవంటి ఊళ్లలో దీని ముఖ్య ప్రయోజన మిదియే.

కొనుటకు సికింద్రాబాదు వరకు పోవువారు గమనింపవలసినవి కొన్ని కలవు. మొదట సస్టెయినర్ మీటను కట్టివేసి గిటారును వాయించి చూడుడు. మెడ చేతికి ఒదుగక, శ్రుతి నిలువక యున్నచో ఏ యంత్రమును దానిని బాగుచేయజాలదు. పిమ్మట మీట వేసి, ఆరు తంత్రులను మెట్టు మెట్టునను పరీక్షింపుడు. సన్నని మొదటి తంత్రి పై మెట్లలో సాధారణముగా బలహీనత బయటపడును. శక్తిని హెచ్చించినపుడు కీచుమని అరచెడిదానిని విడిచిపెట్టుడు. మూలస్వరము నుండి హార్మోనిక్ స్వరమునకు మార్చు మీట కలదేమో అడుగుడు. ఈ సాధనమునకు తరచుగా 9 వోల్టుల బ్యాటరీ వాడుదురు. దానిని తీసివేసినను గిటారు పలుకునో లేదో చూడుడు. కొన్నిటిలో మెడ పికప్ కూడ బ్యాటరీపైననే ఆధారపడును.

మరమ్మతు సంగతి మరువరాదు. సస్టెయినర్ గిటారులకు పేరొందిన జపాను సంస్థ ఫెర్నాండెస్ 2024లో మూతపడినది. ఆ సంస్థ పాత గిటారు చౌకగా దొరకినను, లోపలి భాగము చెడినచో బాగుచేయువారెవరో ముందే విచారించుట మేలు.

ఇంత వ్యయము అవసరమా యని సందేహించువారికి ఈబో అను చేతి సాధనము కలదు. గ్రెగ్ హీట్ అను అమెరికనుడు దీనిని రూపొందించెను. 1976లో ఇది విపణికి వచ్చెను. మీటెడి చేత పట్టుకొని, ఒక తంత్రిపై నుంచినచో స్వరము నిలుచును. ఏ ఉక్కు తీగల గిటారుకైనను ఇది సరిపోవును. నిలిచిన స్వరముపై గమకమును పలికించుట ఎడమచేతి సాధనకు చెందిన పని. ఆ సాధన కుదిరిన పిమ్మట సస్టెయినర్ గిటారు కొన్నచో, వెచ్చించిన జీతపు సొమ్ము వ్యర్థము కాదు.