గ్రీకు నాటకములలోని స్త్రీలు – మన నాయకురాలు నాగమ్మ



మనము బిడ్డలకు చెప్పుకొను కథలలోని వీరవనితలను ఒక్కసారి లెక్కించి చూడుడు. యముని వెన్నంటి పోయి భర్తప్రాణములను మఱల తెచ్చిన సావిత్రి, మగనిచేతికి ఖడ్గమిచ్చి రణమునకు బంపిన పల్నాటి మాంచాల – వీరందఱును పరులకొఱకు సాహసించినవారే. తానుగా అధికారమును కోరి, సంపాదించి, చెలాయించిన స్త్రీకి ఈ వరుసలో చోటు దొరకుట యరుదు. ఈ భేదము మన దేశముననే పుట్టినది కాదు. గ్రీసుదేశపు ప్రాచీన విషాదాంత నాటకములను చదివినయెడల, ఇరువదియైదు శతాబ్దములకు పూర్వమే అక్కడను ఇట్టి తీర్పే నడచినదని తెలియగలదు.

ఆ నాటకములు క్రీ. పూ. 5వ శతాబ్దమున ఏథెన్సు నగరమందు డయొనైససు దేవుని యుత్సవములలో ప్రదర్శింపబడుచుండెను. వానిని వ్రాసినవారు పురుషులు. తొడుగులు ధరించి స్త్రీపాత్రల నభినయించినవారును పురుషులే. మన రంగస్థలమున స్థానం నరసింహారావుగారు (1902–1971) సత్యభామ వేషమున ప్రేక్షకులను మురిపించిన సంగతి మీరు వినియే యుందురు. అక్కడను అట్టి యాచారమే. నగరసభలో నోరు విప్పరాని స్త్రీ, నాటకమున మాత్రము రాజుల నెదిరించి మాటాడుచుండును. ఇదియే వింత.

సోఫొక్లీసు క్రీ. పూ. 441 ప్రాంతమున రచించిన నాటకమున ఆంటిగని యను కన్యక కలదు. ఆమె సోదరుడు రాజద్రోహి గనుక అతని శవమునకు అంత్యక్రియలు చేయరాదని మేనమామయగు క్రెయాన్ రాజు శాసించెను. దైవధర్మము రాజశాసనమునకంటె గొప్పదని పలికి, ఆమె తోబుట్టువు దేహముపై మన్ను చల్లెను. రాజు ఆమెను సజీవముగా రాతిగుహలో మూయించెను. ఆమె అందే ఉరివేసికొని మరణించెను. పిదప రాజు కుమారుడును, భార్యయు ఆత్మహత్య చేసికొనగా, క్రెయానునకు పశ్చాత్తాపము మాత్రమే మిగిలినది.

యూరిపిడీసు క్రీ. పూ. 438లో ప్రదర్శించిన నాటకమున ఆల్సెస్టిసు అను రాణి భర్తకు మాఱుగా తానే మృత్యువునకు లోబడును. హెరాక్లీసు అను వీరుడు మృత్యువుతో పెనగి ఆమెను మఱల తెచ్చును. తిరిగివచ్చిన యామె నాటకము ముగియువఱకు ఒక్కమాటయు పలుకదు. మన సావిత్రియన్ననో, మాటనే ఆయుధముగా గొని యముని మెప్పించినది. ఈ పట్టున మన పురాణకథయే మిన్నయని నాకు తోచును.

ఈ యిరువురను లోకము మెచ్చినది. ఒకతె ప్రాణము విడిచినది, ఒకతె ప్రాణము నిచ్చినది. ఇక క్లైటెమ్నెస్ట్రా సంగతి చూడుడు. ఈస్కిలసు క్రీ. పూ. 458లో ప్రదర్శించిన నాటకత్రయమున ఆమె భర్త ఆగమెమ్నాన్ ట్రాయినగరముపై దండెత్తుచు, ఓడలకు అనుకూలమైన గాలి వీచుటకై కన్నకూతురగు ఇఫిజెనియాను బలియిచ్చెను. అతడు లేని పదియేండ్లు రాజగృహమున ఆమె మాటయే చెల్లినది. అతడు విజయుడై తిరిగిరాగా, స్నానశాలలో వలవంటి వస్త్రమున చుట్టి చంపి, పట్టణపు పెద్దల యెదుట నిలిచి, నేనే చంపితినని చాటెను. పిమ్మట కుమారుడగు ఒరెస్టీసు తల్లిని వధించెను. కూతును చంపిన తండ్రిని ఏ న్యాయసభయు విచారింపలేదు. తల్లిని చంపిన కొడుకు, వోట్లు సమానముగా రాగా విడుదల పొందెను. హత్యను నేను సమర్థింపను. కాని ఒకే యింటి మూడు హత్యలకు మూడు తూనికఱాళ్లు వాడుట న్యాయమగునా?

ఇక మన నాగమ్మ. మేముండు జ్యోతినగరు పూర్వపు కరీంనగరు జిల్లాలోనిది. ఆ జిల్లాయందలి ఆరవెల్లియే నాగమ్మ పుట్టినయూరని జనశ్రుతి కలదు. బొగ్గుగనుల నడుమ నున్న మాకు పల్నాడు దూరమే యైనను, ఈ చుట్టఱికముచేత ఆమె కథ మా యింటి యాడుపడుచు కథవలెనే వినబడును. చిన్ననాటనే వైధవ్యము పొందిన స్త్రీ, 12వ శతాబ్దపు ఉత్తరార్ధమున గురజాల నేలిన నలగామరాజునకు మంత్రిణి యయ్యెను. ఏడు ఘడియల మంత్రిత్వమునకు రాజువలన మాట పుచ్చుకొని ఆ పదవికి వచ్చినదని చెప్పుదురు. ఆమె పన్నిన కోడిపోరున మాచెర్లవారోడి యేడేండ్లు దేశము విడిచిరి. గడువు తీఱినపిమ్మట రాజ్యభాగ మడుగవచ్చిన రాయబారి అలరాజు ఆమె కుతంత్రముచేత హతుడయ్యెననియు, దానివలననే కారెమపూడి రణము సంభవించెననియు కథ.

రాయబారిని చంపుట మహాపాపమే. నాగమ్మకు ఆ దోషము తప్పదు. కాని రాజ్యమును కోడిపుంజు కాలికత్తిపై పణముగా నొడ్డుటకు బ్రహ్మనాయుడు నంగీకరించెను గదా! అతడు చేసినది పౌరుషమై, ఆమె చేసినది దుష్టత్వమెట్లయ్యెను? ఈ కథ మనకెవరి నోట వచ్చినదో గమనింపుడు. కారెమపూడిలో నేటికిని కార్తికమాసమున జరుగు వీరుల యుత్సవమున కొలువబడువారిలో బ్రహ్మనాయుని పక్షమువారే ప్రధానులు. శ్రీనాథుని పేర నున్న పల్నాటి వీరచరిత్రమును 1911లో అక్కిరాజు ఉమాకాంతముగారు ప్రకటించిరి. అందును మన హృదయము బాలచంద్రుని వెంటనే పోవును. నాగమ్మ తన పక్షమును చెప్పుకొన్న గ్రంథము లేదు. అయినను ఆమె పాత్ర ధరించుటకు 1947 నాటి చలనచిత్రమున కన్నాంబగారును, 1966 నాటి దానిలో భానుమతిగారును కావలసివచ్చిరి. దుష్టురాలని చెప్పుచునే ఆమె ధీశక్తిని లోకము దాచలేకపోయినది.

కావున, సోదరీమణులారా, ఈ కథలను బిడ్డలకు చెప్పునప్పుడు మాంచాలను పొగడి యూరకుండక, నాగమ్మ పదవిని ఎట్లు సాధించెనో, ఎక్కడ ధర్మము తప్పెనో రెండును చెప్పుడు. ఆమె తప్పునకు ఆడుపుట్టుకను కారణముగా చూపకుడు. 1952 నాటి గనుల చట్టము స్త్రీలను భూగర్భమున పనిచేయనీయకుండెను. 2019లో ఆ నిషేధము కొన్ని నియమములతో సడలింపబడినది. రేపు మా ప్రాంతపు ఆడుబిడ్డ గనిలో దిగి పదిమందికి ఆజ్ఞలిచ్చు నుద్యోగమున నిలిచినపుడు, ఆమె తీర్పు మంచిదైన మెచ్చుదము, చెడ్డదైన దిద్దుదము. అంతియే గాని, నాయకురాలు అను మాట ఆమె చెవికి ఎత్తిపొడుపుగా సోకరాదు. అది బిరుదుగానే వినబడవలెను.