చట్టానికీ ఎల్ల ఉంటుంది: న్యాయవిద్యలో చేరుతున్న యానాం విద్యార్థులకు

అడవిపొలంలోని ఒక స్థలంపై తగాదా ఏర్పడి హైకోర్టు వరకు వెళితే, దాని విచారణ చెన్నైలో జరుగుతుంది. ఎల్ల దాటిన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న స్థలంపై అటువంటి తగాదాయే వస్తే, అది అమరావతికి చేరుతుంది. ఇరువైపులా ఉన్నవారు బంధువులే కావచ్చు, మాట్లాడేది ఒకే తెలుగు కావచ్చు. న్యాయస్థానం మాత్రం వేరు. పుదుచ్చేరి ప్రాంతాలు 1962లో మద్రాసు హైకోర్టు పరిధిలోకి రావడమే దీనికి కారణం. న్యాయవిద్యలో మొదటి సంవత్సరం చేరిన విద్యార్థి ఏ చట్టం తెరిచినా ముందుగా రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఇది ఎక్కడ వర్తిస్తుంది? ఎప్పటినుండి వర్తిస్తుంది?

ఈ ప్రశ్నల బరువు యానాం చరిత్రకు బాగా తెలుసు. బాల్యవివాహాలను నిరోధించే శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చి, పెళ్లికి కనీస వయస్సును బాలికలకు 14, బాలురకు 18 ఏళ్లుగా నిర్ణయించింది. అది బ్రిటిష్ ఇండియాకు చేసిన చట్టం. యానాం అప్పటికి ఫ్రెంచివారి ఏలుబడిలో ఉంది. పొరుగు ప్రాంతాల కుటుంబాలు పిల్లలను వెంటబెట్టుకొని ఇక్కడికి వచ్చి పెళ్లిళ్లు జరిపించేవి. యానాంకు కళ్యాణపురం అన్న పేరు అలా వచ్చినదే. పేరు మంగళకరమైనదే గాని, ఎల్ల దాటినంత మాత్రాన రక్షణ కోల్పోయిన పసిపిల్లల కథ అందులో ఉంది.

ఫ్రెంచి పాలన ముగిసినా దాని జాడ చట్టంలో నిలిచే ఉంది. 1955 నాటి హిందూ వివాహ చట్టాన్ని 1963లో పుదుచ్చేరి ప్రాంతాలకు విస్తరించినపుడు, అది రెనొన్సాంట్లకు వర్తించదని స్పష్టం చేశారు. 1881 నాటి ఫ్రెంచి డిక్రీ ప్రకారం తమ సంప్రదాయ వ్యక్తిగత చట్టాన్ని వదులుకొని ఫ్రెంచి పౌరస్మృతిని స్వీకరించిన కుటుంబాలవారికి ఆ పేరు. ఇటువంటి సంగతులు మూలచట్టంలోని సవరణల్లోనూ అధోజ్ఞాపికల్లోనూ కనిపిస్తాయి. పరీక్ష ముందు రోజు తిరగేసే గైడులో వాటిని వెదకడం వృథా. కేసుతో వచ్చిన మనిషికి పనికివచ్చేది ఆ చిన్న అక్షరాలే.

కాలం మాటా అంతే. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అంతకు ముందు జరిగిన నేరానికి పాత శిక్షాస్మృతియే వర్తిస్తుంది. కనుక అన్నగారో అక్కగారో ఇచ్చిన పాత పుస్తకాలను పారవేయనక్కరలేదు, కాని వాటినే నమ్ముకొని కూర్చోనూ రాదు.

మూలచట్టాలు కొనలేనివారికి కేంద్ర ప్రభుత్వపు ఇండియా కోడ్ వెబ్‌సైటులో కేంద్ర చట్టాలు ఉచితంగా లభిస్తాయి. సుప్రీంకోర్టు తీర్పులు ఈ-ఎస్‌సీఆర్‌లో దొరుకుతాయి. కొన్నింటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి. తెలుగు మాధ్యమంలో చదివినవారు ముందు తెలుగు ప్రతిని చదివి, పిదప ఆంగ్ల మూలాన్ని పక్కన పెట్టుకొని చూడడం మేలు. సుప్రీంకోర్టు భాష ఆంగ్లమే కనుక ఆ శ్రమ తప్పదు, అయితే మొదటి నెలలోనే బెంబేలు పడవలసిన పని లేదు. పుదుచ్చేరి కళాశాలలో చేరేవారు కొంత తమిళమూ నేర్చుకుంటే అక్కడి కక్షిదారుల మాట చెవికెక్కుతుంది.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం మూడేళ్ల కోర్సువారు 12 వారాలు, ఐదేళ్ల కోర్సువారు 20 వారాలు ఇంటర్న్‌షిప్ పూర్తిచేయాలి. ఒక సంవత్సరంలో ఏకధాటిగా నాలుగు వారాలకు మించి చేయరాదు కనుక, చివరి ఏట చూసుకుందామనుకుంటే కుదరదు. న్యాయవాదుల కార్యాలయాలతో పాటు స్థానిక సంస్థలనూ ఆ నిబంధనలు పేర్కొన్నాయి. సెలవులకు ఇంటికి వచ్చే విద్యార్థికి ఇది అనుకూలం.

పట్టా చేతికి వచ్చాక న్యాయవాదిగా నమోదు కావాలి. పూర్వం పలు రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు దీనికి వేల రూపాయలు వసూలు చేసేవి. 1961 నాటి న్యాయవాదుల చట్టం నిర్ణయించిన రుసుముకు మించి తీసుకోరాదని 2024 జులై 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ చట్టం ప్రకారం రుసుము 750 రూపాయలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 125 రూపాయలు. అప్పుచేసి బిడ్డను చదివించిన ఇంటివారు ఈ అంకెలను ఇప్పుడే రాసిపెట్టుకోవచ్చు.