నొక్కితే పలచబడే రాయి

గోదావరి జిల్లాల్లో ఇల్లు కట్టుకున్నవాళ్లకు పంగిడి, గౌరీపట్నం నల్లకంకర కొత్త కాదు. లారీ వచ్చి వాకిట్లో గుమ్మరించి పోయే ఆ రాయి ఒకప్పటి లావా. అయితే చుట్టుపక్కల ఎక్కడా అగ్నిపర్వతం ఆనవాలు కనిపించదు. రాయిలోని రసాయనాల పాళ్లు, అందులో నిలిచిపోయిన అయస్కాంత దిశ, వయసు, ఈ మూడూ పడమటి కనుమల్లోని దక్కన్ లావా పొరలతో సరిపోయాయి. అంటే 6.6 కోట్ల ఏళ్ల కిందట అక్కడెక్కడో పొంగిన లావా పాత నదీ లోయల దారి పట్టి, దాదాపు 1000 కిలోమీటర్లు ప్రయాణించి సముద్రపు ఒడ్డుకు చేరిందన్నమాట. భూమ్మీద ఇంతకన్నా దూరం పారిన లావా ఉన్నట్టు తెలియదు. ఇక్కడిది ఇక్కడే పొంగిందని వాదించినవాళ్లూ ఉన్నారు గానీ, నాకు మొదటి లెక్కే నమ్మదగినదిగా కనిపిస్తుంది.

దారిలో గడ్డకట్టకుండా అంత దూరం ఎలా వచ్చింది? పాల మీద మీగడలా పైన పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు కింద వేడి చల్లారదు, లోపల ప్రవాహం ఆగదు.

పాకం లెక్కలో

లావా స్వభావమంతా దాని జిగటలోనే ఉంది. పాఠ్యపుస్తకాల్లో దీన్ని స్నిగ్ధత అంటారు. అరిసెలు వండే చేతికి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. లేతపాకం గరిటె నుంచి జారిపోతుంది, ముదురుపాకం కదలనంటుంది. హవాయి దీవుల్లో పొంగే లావా నీటికన్నా దాదాపు లక్ష రెట్లు జిగట. వినడానికి పెద్ద అంకె గానీ, లావాల్లో అది లేతపాకం కిందే లెక్క. సిలికా దండిగా ఉన్న రయొలైట్ లావా నీటికన్నా పదివేల కోట్ల రెట్లు జిగటగా ఉండగలదు. అది పారదు, నోటి దగ్గరే గుట్టగా పేరుకుంటుంది.

పలచనివాటిలో టాంజానియాలోని ఓల్ డోయినియో లెంగాయ్ అగ్నిపర్వతపు లావాది వేరే దారి. అందులో సిలికా నామమాత్రం, ఉన్నదంతా సోడియం, కాల్షియం కార్బొనేట్లు. 500 నుంచి 600 డిగ్రీల దగ్గరే కరిగి ఉంటుంది. మామూలు లావా వేడిలో ఇది సగమే. పగటి వెలుతురులో ఎర్రగా కూడా కనిపించదు, నల్లటి నూనెలా పారిపోతుంది. చల్లారాక గాలిలో తేమ తగిలి కొద్ది రోజుల్లోనే సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది.

పరుగులో పేరు మోసింది కాంగోలోని నైరగోంగో అగ్నిపర్వతం. 1977 జనవరి 10న శిఖరం మీది లావా చెరువుకు పక్కల్లో పగుళ్లు పడి, గంటలోపే ఖాళీ అయింది. నిటారు వాలులో గంటకు 60 కిలోమీటర్ల దాకా పరుగెత్తిందంటారు. ఎవరూ పక్కన నిలబడి కొలిచింది కాదు, అంచనాయే. కింది పల్లెల్లో ఎందరో తప్పించుకోలేకపోయారు.

కోలాటం సూత్రం

ఇవన్నీ పైకి కనిపించే రికార్డులు. అసలు వింత భూమి లోపల ఉంది. ఏ ద్రవాన్నయినా గట్టిగా నొక్కితే చిక్కబడాలి. నూనెల సంగతి అంతే, లోపలి రేణువులకు కదిలే చోటు తగ్గుతుంది. కరిగిన రాయి మాత్రం చాలాసార్లు పలచబడుతుంది!

దీన్ని కొలిచి చూపించినవారిలో జపాన్ శాస్త్రవేత్త ఇకువొ కుషిరో ముఖ్యుడు. 1976లో ఆయన జేడైట్ ఖనిజపు కూర్పున్న ద్రవాన్ని 24 వేల వాతావరణ పీడనాల దాకా నొక్కి చూశాడు. మన కుక్కర్లో ఉండేది సుమారు రెండు. పద్ధతి చూడబోతే చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. కరిగిన రాయిలో చిన్న గుండు వదలాలి, అది ఎంతసేపట్లో ఎంత లోతు దిగిందో చూడాలి. త్వరగా మునిగితే పలచన, ఆలస్యమైతే జిగట. చిక్కల్లా లోపలికి తొంగిచూడలేకపోవడం. అందుకని కొంతసేపయ్యాక మంట ఆపేసి, ద్రవం గాజులా బిగుసుకుపోయాక కోసి, గుండు ఎక్కడ ఆగిందో వెతకాలి. మూత తీస్తే గానీ అన్నం ఉడికిందో లేదో తెలియనట్టే. ఇప్పుడైతే గుండు దిగడాన్ని ఎక్స్‌రేలతో వీడియో తీస్తున్నారు. కుషిరో లెక్క ప్రకారం 1350 డిగ్రీల దగ్గర ఆ పీడనానికి జిగట దాదాపు పదో వంతుకు పడిపోయింది.

కారణం ద్రవం లోపలి అల్లికలో ఉంది. ఒక్కో సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్‌లు, ఒక్కో ఆక్సిజన్ రెండు సిలికాన్‌లకు ఉమ్మడి. అలా వలలా అల్లుకుపోతాయి, నడుమ ఖాళీలుంటాయి. ద్రవం పారాలంటే ఈ పట్టు వదిలి ఇంకో పట్టు దొరకాలి. కోలాటం గుర్తు తెచ్చుకోండి. జత మారాలంటే పక్కవాడి కర్ర అందేంత దగ్గరలో ఉండాలి. జనం పలచగా నిలబడితే ఉన్న జతనే పట్టుకుని ఉండాలి. పీడనం అందరినీ దగ్గరికి తోస్తుంది, ఐదో ఆక్సిజన్ పక్కకొచ్చి నిలబడుతుంది, పాత పట్టు వదలడం తేలికవుతుంది. ఇంకా నొక్కితే కర్ర ఎత్తడానికే చోటుండదు. అప్పుడు మళ్లీ చిక్కబడుతుంది. బసాల్ట్ రాతి ద్రవానికి ఈ మలుపు సుమారు 40 వేల వాతావరణ పీడనాల దగ్గర, అంటే దాదాపు 120 కిలోమీటర్ల లోతున వస్తుంది. డయోప్సైడ్ ఖనిజపు ద్రవంలా మొదటి నుంచే అల్లిక తెగి ఉన్న ద్రవాలకు ఈ యోగం లేదు. నొక్కినకొద్దీ అవి బుద్ధిగా చిక్కబడతాయి.

మన చెంబులో నీళ్లకూ ఇదే గుణం ఉంది. సుమారు 33 డిగ్రీల లోపు వేడిలో నీటిని నొక్కితే కొంతవరకు పలచబడుతుంది. అక్కడా అణువులది వల అల్లికే.

ఇంకా లోతుకు పోతే వల తీరే మారుతుంది. 2013లో జర్మనీలోని హాంబర్గ్ ఎక్స్‌రే కేంద్రంలో కరిగిన బసాల్ట్‌ను రెండు వజ్రాల మధ్య పెట్టి 6 లక్షల వాతావరణ పీడనాల దాకా నొక్కారు. సిలికాన్ చుట్టూ నాలుగుండే ఆక్సిజన్‌లు ఆరయ్యాయి.

కట్టిపడేసిన నీరు

పీడనం చేసే ఇంకో పని నీటిని, కార్బన్ డయాక్సైడ్‌ను రాతి ద్రవంలో కరిగి ఉండేలా బంధించడం. సోడా సీసా మూతలాగే. ఈ నీరు కూడా అల్లికను తెంపుతుంది. నూటికి నాలుగైదు పాళ్లు కలిస్తే చాలు, జిగట లక్షల రెట్లు తగ్గిపోతుంది. అందుకే రయొలైట్ లాంటి మొండి ద్రవం కూడా లోతున చురుగ్గానే కదులుతుంది. 2008 మేలో చిలీలోని చైతేన్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఆ ద్రవం 5 కిలోమీటర్ల లోతు నుంచి సుమారు నాలుగు గంటల్లో పైకొచ్చిందని లెక్క తేలింది. పైకి వచ్చేకొద్దీ పీడనం తగ్గి, నీరు బుడగలై వెళ్లిపోతుంది. మిగిలిన ద్రవం ఉన్నట్టుండి ముదురుపాకమై, బుడగలను బయటికి పోనివ్వక పేలుతుంది.

అనంతపురం జిల్లా వజ్రకరూరు దగ్గరి, వజ్రాలుండే కింబర్లైట్ రాతి గొట్టాలదీ ఇలాంటి కథే, అయితే 110 కోట్ల ఏళ్ల నాటిది. 150 కిలోమీటర్లకు పైబడిన లోతు నుంచి వాయువులు నిండిన పలచని ద్రవం వజ్రాలను మోసుకుంటూ దూసుకొచ్చింది. నింపాదిగా వచ్చి ఉంటే దారిలోనే వజ్రాలు కరిగిపోయేవో, పెన్సిల్ ముల్లులోని గ్రాఫైట్‌గా మారిపోయేవో.

ఇక మనిషి తానే వెళ్లి మాగ్మాను, అంటే భూమి లోపలి కరిగిన రాయిని, తాకిన సందర్భం ఒకటుంది. 2009లో ఐస్‌లాండ్‌లోని క్రాఫ్లాలో భూమి లోపలి వేడిని వాడుకోవడం కోసం 4.5 కిలోమీటర్ల బావి తవ్వబోయారు. 2.1 కిలోమీటర్ల దగ్గర డ్రిల్లు పదేపదే ఇరుక్కుంది. కారణమేమిటా అని చూస్తే, పైకొచ్చిన రద్దులో అప్పుడే గడ్డకట్టిన గాజు పెంకులు ఉన్నాయి. రయొలైట్ ద్రవంలోకి నేరుగా దిగిపోయారు. బావి మూసేయకుండా పరీక్షిస్తే 450 డిగ్రీల ఆవిరి వచ్చింది.