మిథైల్ గుర్తులు: ఇరుగుపొరుగు సాక్ష్యం

కాలేయ కణంలోనూ నాడీకణంలోనూ డీఎన్‌ఏ పాఠం దాదాపు ఒకటే అయినా, అందులో ఏ జన్యువు పనిచేయాలో ఏది ఊరుకోవాలో నిర్ణయించే ఏర్పాట్లలో మిథైలేషన్, అంటే సైటోసిన్ అనే అక్షరానికి మిథైల్ అనే చిన్న రసాయన గుర్తు అతుక్కోవడం, ఒకటి. మనిషిలో ఇది ముఖ్యంగా సైటోసిన్ వెంటనే గ్వానిన్ వచ్చే చోట్ల జరుగుతుంది. అటువంటి స్థానాలు మానవ జన్యురాశిలో సుమారు 2.8 కోట్లు. క్యాన్సర్ కణజాలంలో ఈ గుర్తులు ఎక్కడెక్కడ మారాయో కనిపెట్టడమే పరిశోధకుల పని.

ఇందుకోసం డీఎన్‌ఏకు బైసల్ఫైట్ రసాయనం కలిపితే మిథైల్ లేని సైటోసిన్ యురాసిల్‌గా మారి, చదివేటప్పుడు థైమిన్‌గా కనబడుతుంది. మిథైల్ ఉన్నది మారదు కనుక, ఒక స్థానాన్ని ఎన్నిసార్లు చదివితే ఎన్నిసార్లు సైటోసిన్‌గానే నిలిచిందో లెక్కించి శాతం కడతారు. చిక్కంతా ఆ శాతంలోనే ఉంది. మూడుసార్లు చదివి మూడుసార్లూ గుర్తు కనిపించినా, ముప్పైసార్లు చదివి ముప్పైసార్లూ కనిపించినా లెక్క నూరు శాతమే, కాని రెండు సాక్ష్యాల బరువు ఒకటి కాదు. పైగా ఈ పరీక్ష ఖరీదైనది కావడంతో పోల్చే ఒక్కో వర్గంలో రెండు మూడు శాంపిళ్లే ఉండడం పరిపాటి. ఒకే వర్గంలోని మనుషుల మధ్య సహజంగా ఉండే తేడా ఎంతో, అంత తక్కువ సమాచారంతో తేల్చడం కష్టం.

అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయం నుంచి హావో ఫెంగ్, కారెన్ కొన్నీలీ, హావో వు 2014లో ప్రకటించిన బేయీసియన్ పద్ధతి ఈ చిక్కునే పట్టించుకుంది. చేతికందిన సాక్ష్యాన్ని ముందున్న అంచనాతో కలిపి తూచి కొత్త అంచనాకు రావడం, 1763లో మరణానంతరం వెలువడిన వ్యాసంతో థామస్ బేస్ పేరు నిలిపిన ఆలోచన. ఇక్కడ ఆ ముందస్తు అంచనా శాస్త్రజ్ఞుని ఊహ నుంచి కాక అదే ప్రయోగంలోని ఇతర స్థానాలన్నిటి నుంచి వస్తుంది (బేస్ పద్ధతిని శంకించేవారికి ఇది కొంత ఊరట). అందువల్ల ఒక స్థానంలో కాకతాళీయంగా మరీ తక్కువగానో మరీ ఎక్కువగానో కనిపించిన వర్గంలోపలి తేడా సాధారణ స్థాయి వైపు జరుగుతుంది. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసి, బయోకండక్టర్ అనే సాఫ్ట్‌వేర్ భాండాగారం ద్వారా ఉచితంగా అందిస్తున్న డీఎస్ఎస్ సాఫ్ట్‌వేర్ ఈ పద్ధతినే అమలు చేస్తుంది. పక్కపక్క స్థానాల మిథైలేషన్ సాధారణంగా ఒకే తీరుగా ఉంటుంది కనుక, కోరినవారికి అది ఇరుగుపొరుగు స్థానాల విలువలను కలిపి సరిచేసే వీలు కూడా కల్పిస్తుంది.

అయితే ఒక్కో స్థానం మీద తీర్పు చెప్పడం వేరు, తేడా ఉన్న స్థానాలు గుమిగూడిన ప్రాంతానికి సరిహద్దు గీయడం వేరు. వాడేవారు మార్చకపోతే, కనీసం 50 అక్షరాల నిడివి, కనీసం 3 స్థానాలు, వాటిలో సగానికి పైగా స్థానాల్లో వర్గాల మధ్య స్పష్టమైన తేడా ఉంటేనే డీఎస్ఎస్ దాన్ని ప్రాంతంగా లెక్కిస్తుంది. ఈ హద్దులు ప్రకృతి పెట్టినవి కావు, మనుషులు ఎంచుకున్నవి. తప్పుడు ప్రాంతాలు ఎన్ని దొర్లాయో అంచనా కట్టడం చాలా కష్టమని డీఎస్ఎస్ వివరణ పుస్తకమే ఒప్పుకుంటుంది. అందుకే ఫలితాల పట్టికలో ప్రాంతం పక్కన పొరపాటు రేటు కాక, అందులోని స్థానాల గణాంక పరీక్ష విలువల మొత్తం మాత్రమే ఉంటుంది.