టేషనుకి పోయేటప్పుడు కండువా ఇంట్లో పెట్టండి

మన సూళగిరి టీ అంగడి బెంచీ మీద అన్ని పార్టీలవాళ్లూ కలిసే కూర్చుంటారు. కొత్తిమీర ధర మీద, బస్సుల మీద అందరిదీ ఒకే మాట. పోలీసు కేసు మాట వస్తే మాత్రం బెంచీ రెండుగా చీలిపోతుంది.

2020 జూన్‌లో తూత్తుకుడి జిల్లా సాత్తాన్‌కుళంలో ఏమైంది? కరోనా కట్టడిలో టైము దాటి అంగడి తెరిచినారని తండ్రినీ కొడుకునీ టేషనుకి తీసుకుపోయినారు. వారం తిరక్కుండానే ఇద్దరూ చనిపోయినారు. అప్పుడు రెండాకుల ప్రభుత్వం. సూర్యుడి పార్టీవాళ్లు నిలదీసినారు, రెండాకులవాళ్లు సర్దిచెప్పినారు. 2025 జూన్‌లో శివగంగ జిల్లా మడప్పురంలో నగలు పోయినాయన్న ఫిర్యాదు మీద గుడి కావలి పిల్లోణ్ణి విచారణకని తీసుకుపోయినారు. మరునాడే ప్రాణం పోయింది. అప్పుడు సూర్యుడి ప్రభుత్వం. నిలదీసేవాళ్లు, సర్దిచెప్పేవాళ్లు తారుమారైనారు. రెండు కేసులూ సిబిఐకి పోయినాయి, రెండింటిలోనూ పోలీసులే ముద్దాయిలు. ప్రభుత్వం మారింది గాని టేషను గది మారలేదు.

"దొంగోడికి మర్యాదలేంది మామా?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, సొమ్ము పోయినోళ్ల బాధా బాధే. అయితే పోలీసుల ముందర ఒప్పుకున్న మాట కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. కొట్టి ఒప్పిస్తే అసలు దొంగ బయటే తిరుగుతాడు, మన సొమ్మూ రాదు. పోలీసులందరూ ఒకటే అనేదీ సరికాదు. సాత్తాన్‌కుళంలో జరిగింది ధైర్యంగా చెప్పింది కూడా అదే టేషను మహిళా హెడ్ కానిస్టేబులే.

అన్ని పార్టీలవాళ్లూ ఒప్పుకోవాల్సినవి కొన్ని ఉండాయి. డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది, 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలోనూ ఉండాయి. అరెస్టు చేస్తే తేదీ, టైము వేసి కాగితం రాయాల. దాని మీద ఇంటివాళ్లో, ఊరి పెద్దమనిషో సాక్షి సంతకం చెయ్యాల. ఏ టేషనులో పెట్టినారో ఇంటికి చెప్పాల. డాక్టరుకి చూపించాల. దారి టైము పోను 24 గంటల లోపల మేజిస్ట్రేటు ముందర నిలబెట్టాల. అక్కడ, "కొట్టినారయ్యా" అని చెప్పుకునే హక్కు ఉండాది. వకీలుకి డబ్బుల్లేకపోతే ప్రభుత్వమే వకీలుని ఇస్తుంది. 15100కి ఫోను చేసి అడగండి.

నేను చెప్పేది ఒక్కటే. మన లైన్లో ఎవరి పిల్లోణ్ణయినా తీసుకుపోతే, ఒక పార్టీ ఆయన ఒక్కడే పోవద్దు. పోతే అది పార్టీ గొడవ అయిపోతుంది. రెండు పార్టీల పెద్దమనుషులు కలిసి పోండి. తప్పు చేసినాడా లేదా అనేది కోర్టు చూసుకుంటుంది, విడిపించమని అడగొద్దు. "కాగితం రాసినారా సారూ, సాక్షి సంతకం మేము పెడతాము" అని మాత్రం అడగండి.