సూది గుచ్చకుండా షుగర్ చెప్పే వాచీ అసలు ఏం కొలుస్తోంది?

పండుగ సేల్ మొదలైందంటే ఆన్‌లైన్ షాపింగ్ సైట్లలో ఒక ప్రకటన తప్పకుండా కనిపిస్తుంది. నల్లటి పట్టీ, మెరిసే తెర, దాని మీద 98 అనో 112 అనో ఒక అంకె, పక్కన రక్తపు బొట్టు బొమ్మ. సూది బాధ లేదు, స్ట్రిప్పుల ఖర్చు లేదు, చేతికి పెట్టుకుంటే చాలు షుగర్ ఎంతుందో తెలిసిపోతుందని కింద రాసి ఉంటుంది. ధర రెండు మూడు వేల రూపాయల లోపే. రోజూ పొద్దున్నే వేలు గుచ్చుకునేవాళ్ళకు ఇంతకంటే ఆశ పుట్టించే వస్తువు ఇంకేముంటుంది?

మా బంధువుల్లో ఒక పెద్దాయన అలాంటిదే కొన్నారు. ఇరవై ఏళ్ళుగా షుగర్ ఉన్న మనిషి, రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ వేసుకుంటారు. నెల తిరిగేసరికి ఆయన గ్లూకోమీటరు బీరువాలోకి చేరింది. "చూడు నాయనా, నూట ఇరవై దాటడం లేదు" అని ముచ్చటగా మణికట్టు చూపించారు. నాకు అనుమానం వచ్చి ఆ వాచీ అడిగి తీసుకుని, వంటింట్లో ఉన్న కీర దోసకాయకు బిగించాను. కాసేపటికి దోసకాయ షుగర్ 104 అని వచ్చింది. దాని గుండె నిమిషానికి 71 సార్లు కొట్టుకుంటోందట కూడా. అందరం నవ్వాం. తర్వాత బీరువాలోని మీటరు తీసి ఆయన వేలు గుచ్చి చూస్తే 260 దాటింది. అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు.

ఇలాంటి వాచీని నేను ఆటవస్తువు అనుకోను, ప్రమాదకరమైన వస్తువు అంటాను. అలాగని స్మార్ట్‌వాచీలన్నీ మోసమే అని కొట్టిపారేయడం కూడా సరికాదు. అవి బాగానే కొలవగలిగినవి కొన్ని ఉన్నాయి, ఒక మోస్తరుగా కొలిచేవి కొన్ని, అసలు కొలవలేనివి కొన్ని. ఈ తేడా కంపెనీ పేరును బట్టి వచ్చేది కాదు. చర్మం కింద వెలుగు ఎలా ప్రవర్తిస్తుందన్న దాన్ని బట్టి వచ్చేది.

ఆకుపచ్చ వెలుగు

వాచీని తిప్పి అడుగు భాగం చూడండి. చిన్న ఆకుపచ్చ లైట్లు మిణుకుమంటుంటాయి. రక్తం ఎర్రగా ఉంటుంది కాబట్టి ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టు చర్మంలోని సన్నని నాళాల్లోకి కొంచెం ఎక్కువ రక్తం వస్తుంది, ఆ క్షణంలో తిరిగివచ్చే వెలుగు కొంచెం తగ్గుతుంది. లైట్ల పక్కనే ఉన్న సెన్సర్ ఈ హెచ్చుతగ్గులను లెక్కపెడుతుంది. గుండె వేగం తెలుసుకోవడానికి ఇంత చాలు.

వెలుగు ఎంత తగ్గిందన్నది ఇక్కడ ముఖ్యం కాదు, ఎన్నిసార్లు తగ్గిందన్నదే ముఖ్యం. లెక్కపెట్టడం సులువు, కొలవడం కష్టం. అందుకే చౌక వాచీ కూడా మనం కదలకుండా కూర్చున్నప్పుడు గుండె వేగాన్ని దాదాపు సరిగానే చెప్పగలదు. బ్యాడ్మింటన్ ఆడుతూ చెయ్యి విసురుతుంటే మాత్రం వాచీ చర్మం మీద జారి, కదలికనే నాడి అనుకునే అవకాశం ఉంది. మరి దోసకాయ సంగతి? గదిలోని ట్యూబ్‌లైటు, సెన్సర్‌లోని విద్యుత్ రొద, తొక్క మీది ఎగుడుదిగుళ్ళు, వీటన్నిటి నుంచీ ఏదో ఒక గజిబిజి సంకేతం వస్తూనే ఉంటుంది. ఆ గజిబిజిలో ఒక లయ వెతికిపెట్టమని రాసిన సాఫ్ట్‌వేర్ ఎలాగో ఒక లయను వెతుకుతుంది. మంచి వాచీ అయితే ఇక్కడ కొలవలేకపోతున్నానని చెప్పాలి. అలా ఒప్పుకోగలగడమే నాణ్యతకు మొదటి గుర్తని నాకనిపిస్తుంది.

రంగు మారే హీమోగ్లోబిన్

ఆక్సిజన్ కొలత దీనికంటే ఒక మెట్టు పైన ఉంటుంది. 2021లో కోవిడ్ రెండో విడతలో మన ఇళ్ళన్నిటికీ చేరిన పల్స్ ఆక్సీమీటరు ఎవరికి గుర్తులేదు! దాని వెనుక జపాన్ ఇంజనీరు టకువో అయోయాగి ఆలోచన ఉంది. 1970ల తొలినాళ్ళలో ఆయన చెవి తమ్మెలోంచి వెలుగు పంపి, గుండె నిమిషానికి ఎంత రక్తం పంపుతోందో కొలవాలనుకున్నారు. నాడి కొట్టుకోవడం వల్ల కొలత అటూ ఇటూ ఊగుతూ విసిగించేది. ఆ ఊపును తొలగించే ప్రయత్నంలోనే ఆయనకు తట్టింది, ధమనుల్లో ఆక్సిజన్ ఎంతుందో ఆ ఊపే చెబుతుందని. 1974లో ఈ పద్ధతిని ప్రకటించారు. కోవిడ్‌తో ప్రపంచమంతా ఆక్సీమీటర్ల కోసం పరుగులు పెడుతున్న 2020 ఏప్రిల్‌లోనే ఆయన కన్నుమూశారు.

ఆక్సిజన్ మోస్తున్న హీమోగ్లోబిన్ ఎర్రటి ఎరుపు, మోయనిది ముదురు ఎరుపు. 660 నానోమీటర్ల ఎరుపు కాంతిని ఆక్సిజన్ లేని హీమోగ్లోబిన్ ఎక్కువ పీల్చుకుంటుంది. 940 నానోమీటర్ల పరారుణ కాంతి దగ్గర ఇది తలకిందులవుతుంది. రెండు కాంతులూ పంపి, రెండింటి ఊపునూ పోల్చి చూస్తే ఆక్సిజన్ శాతం వస్తుంది. అయితే ఆ పోలికను శాతంగా మార్చే పట్టిక సూత్రాల నుంచి నేరుగా రాదు. ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు తక్కువ ఆక్సిజన్ ఉన్న గాలి పీల్పించి, వాళ్ళ రక్తాన్ని పరీక్షించి తయారుచేయాలి. ఆ వాలంటీర్లు ఎవరన్నది అందుకే చాలా ముఖ్యం. 2020 డిసెంబర్‌లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం ఈ లోటును బయటపెట్టింది. ఆక్సీమీటరు 92 నుంచి 96 శాతం మధ్య చూపిస్తున్నా, రక్తపరీక్షలో ఆక్సిజన్ 88 శాతం కంటే తక్కువ ఉన్న సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతం ఉంటే, నల్లజాతివారిలో 11.7 శాతం ఉన్నాయి. చర్మంలోని మెలనిన్ కూడా వెలుగును పీల్చుకుంటుంది కాబట్టి ఇలా జరుగుతుంది. చామనఛాయ నుంచి నల్లటి రంగు దాకా అన్ని వన్నెల మనుషులూ ఉన్న మన దేశంలో ఈ సంగతిని తేలిగ్గా తీసుకోలేం.

ఇదంతా వేలికి తగిలించే పరికరం సంగతి. అక్కడ వెలుగు వేలికి ఒక పక్క నుంచి దూరి రెండో పక్కకు వస్తుంది. మణికట్టు దగ్గర అలా కుదరదు, ఎముక అడ్డం. వెనక్కి చెదిరివచ్చే కొద్దిపాటి వెలుగుతోనే వాచీ సరిపెట్టుకోవాలి. అందువల్ల వాచీ చూపే ఆక్సిజన్ శాతాన్ని సరదాగా చూసుకోవచ్చు. ఆయాసం వస్తున్న మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్ళాలా వద్దా అన్నది మాత్రం దాన్ని చూసి తేల్చకూడదు.

ఒంటి మొత్తంలో ఒక చెంచాడు

ఇక గ్లూకోజ్ దగ్గరికి వద్దాం. హీమోగ్లోబిన్‌కు ఉన్న రెండు సుగుణాలు దీనికి లేవు. మొదటిది రంగు. చక్కెర నీళ్ళు గ్లాసులో పోసి చూడండి, మామూలు నీళ్ళలాగే ఉంటాయి. రెండోది మోతాదు. పరగడుపున ఆరోగ్యవంతుడి రక్తంలో డెసిలీటరుకు సుమారు 70 నుంచి 100 మిల్లీగ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. పెద్దవాళ్ళ ఒంట్లో ఐదు లీటర్ల రక్తం ఉంటుందనుకుంటే, మొత్తం కలిపి ఐదు గ్రాముల లోపే. అంటే టీలో వేసుకునే ఒక చెంచాడు. అదే డెసిలీటరు రక్తంలో హీమోగ్లోబిన్ 14 గ్రాముల వరకూ ఉంటుంది, దాదాపు నూట నలభై రెట్లు.

గ్లూకోజ్ పరారుణ కాంతిని కొంత పీల్చుకుంటుంది, అది నిజమే. కానీ అవే ప్రాంతాల్లో నీరు, కొవ్వు, ప్రోటీన్లు కూడా పీల్చుకుంటాయి, అదీ ఎన్నో రెట్లు ఎక్కువగా. చర్మంలో ఎక్కువ భాగం నీరే. చర్మం వేడి ఒక్క డిగ్రీ మారినా, నీరు పీల్చుకునే వెలుగులో వచ్చే తేడా గ్లూకోజ్ సంకేతాన్ని మింగేయగలదు. పైగా చెమట, పట్టీ బిగుతు, మన కదలిక. భోజనం తర్వాత షుగర్ 100 నుంచి 140కి పెరిగిందంటే ఒంటి మొత్తం రక్తంలో చేరింది రెండు గ్రాములు. ఆ రెండు గ్రాముల జాడను, నాడి లెక్కపెట్టడానికి పెట్టిన ఆకుపచ్చ లైటుతో పట్టుకుంటానంటోంది రెండు వేల రూపాయల వాచీ.

మరి ఆ అంకె ఎక్కడి నుంచి వస్తోంది? వాచీ కొన్నవాళ్ళు వయసు, ఎత్తు, బరువు, భోజనం వేళలు యాప్‌లో నింపుతారు. నాడి వేగం ఎలాగూ ఉంది. ఈ వివరాలు దగ్గర పెట్టుకుని నమ్మదగినట్టు ఉండే ఒక అంకె అల్లడం కష్టమేమీ కాదు. పొద్దున 95, తిన్నాక 130 అని చెబితే షుగర్ లేనివాళ్ళ విషయంలో చాలాసార్లు దగ్గరగానే ఉంటుంది. కింద "చాలా బాగా పనిచేస్తోంది" అని ఐదు చుక్కలిచ్చిన రివ్యూలు వచ్చేది ఇలాంటివాళ్ళ దగ్గరి నుంచే అయి ఉండొచ్చు. అసలు అవసరం ఉన్నవాళ్ళ దగ్గరే ఇది తప్పుతుంది. 260 ఉన్న మనిషికి 120 చూపిస్తే కళ్ళు, కిడ్నీలు, నరాలు మెల్లగా దెబ్బతింటాయి. దీనికి తిరగబడి జరిగితే ఇంకా ప్రమాదం. నిజంగా 80 ఉన్న మనిషికి 250 చూపిస్తే, ఆయన అదనంగా ఇన్సులిన్ వేసుకుంటే, గంటల్లోనే స్పృహ తప్పవచ్చు.

అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో సూటిగా హెచ్చరించింది. చర్మాన్ని గుచ్చకుండా సొంతంగా రక్తంలో గ్లూకోజ్ కొలిచే ఏ స్మార్ట్‌వాచీకీ, ఏ స్మార్ట్ ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని, ఏ కంపెనీది అయినా సరే వాటిని వాడవద్దని చెప్పింది.

ప్రయత్నాలు జరగలేదా?

జరిగాయి, బాగా డబ్బున్నవాళ్ళే చేశారు. 2001లో గ్లూకోవాచ్ అనే పరికరానికి ఎఫ్‌డీఏ అనుమతి కూడా దొరికింది. అది వెలుగుతో కాక, సన్నని విద్యుత్ ప్రవాహంతో చర్మంలోంచి ద్రవాన్ని పైకి లాగి అందులో గ్లూకోజ్ కొలిచేది. అయినా వేలు గుచ్చి చేసే పరీక్షకు అది తోడే తప్ప బదులు కాదన్నారు. చర్మం ఎర్రబడి మంటపుట్టేది, చెమట పడితే పనిచేసేది కాదు, కొన్నేళ్ళకే మార్కెట్ నుంచి తప్పుకుంది. 2014లో గూగుల్ కన్నీటిలో గ్లూకోజ్ కొలిచే కాంటాక్ట్ లెన్స్ తెస్తానంది. కన్నీటి గ్లూకోజ్‌కూ రక్తంలోని గ్లూకోజ్‌కూ పొంతన సరిగా కుదరడం లేదని 2018లో ఆ పని ఆపేశారు. ఇలా ఆపి, కారణం బయటికి చెప్పినవాళ్ళ మీద నాకు గౌరవం ఉంది.

మన బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు మరో దారిలో వెళుతున్నారు. లేజర్ తాకితే కణజాలం ఇంచుక వేడెక్కి వ్యాకోచిస్తుంది, ఆ కదలిక నుంచి అల్ట్రాసౌండ్ పుడుతుంది. ధ్రువీకరణ చేసిన కాంతి వాడితే గ్లూకోజ్ అణువులు ఆ కాంతి దిశను మెలితిప్పుతాయి, దాన్ని బట్టి ధ్వనిలో తేడా వస్తుంది. ఆలోచన అందంగా ఉంది. అది ఇంకా ప్రయోగశాల దశలోనే ఉంది, చేతి గడియారంలో పట్టే పరిమాణానికి రావడానికి చాలా దూరం ఉంది.

ఇప్పటికి పనిచేస్తున్నది మాత్రం రసాయన శాస్త్రమే. గ్లూకోమీటరు స్ట్రిప్ మీద ఉండే ఎంజైమ్ వేరే దేన్నీ పట్టించుకోకుండా గ్లూకోజ్‌తోనే చర్య జరుపుతుంది. ఆ చర్యలో వెలువడే ఎలక్ట్రాన్లను మీటరు కొలుస్తుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100 లోపు రీడింగుల్లో 15 మిల్లీగ్రాముల కంటే, 100, ఆపై రీడింగుల్లో 15 శాతం కంటే తేడా ఉండకూడదు, కనీసం 95 శాతం రీడింగులు ఈ హద్దులో ఉండాలి. భుజానికి అతికించుకునే సీజీఎం పట్టీలు కూడా ఎంజైమ్‌తోనే పనిచేస్తాయి. వాటికి వెంట్రుకంత సన్నని తీగ ఒకటి చర్మం కిందికి వెళుతుంది. రక్తంలో కాక కణాల మధ్య ద్రవంలో కొలుస్తుంది కాబట్టి కొన్ని నిమిషాలు వెనకబడి చూపిస్తుంది. కొన్ని వాచీలు ఈ పట్టీ పంపిన అంకెను తెర మీద చూపిస్తాయి. అది మోసం కాదు, అక్కడ వాచీ టీవీ లాంటిది, కొలిచేది పట్టీ. ప్రకటనలో పట్టీ ఊసే లేకపోతే అప్పుడు అనుమానించాలి.

మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధాల చట్టం పరిధిలోకి వచ్చాయి. పెట్టె అడుగున చీమ తలకాయంత అక్షరాలతో "ఇది వైద్య పరికరం కాదు, కేవలం వెల్‌నెస్ కోసం" అని అచ్చువేసి ఈ వాచీలు అమ్ముతున్నారు. పైన రక్తపు బొట్టు బొమ్మ మాత్రం పెద్దది. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం లెక్కలో దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. ఇంతమంది ఉన్న చోట పెట్టె పైన ఒక మాట, అడుగున ఒక మాట చెప్పే వెసులుబాటు ఎందుకు ఇవ్వాలో నాకు అర్థం కాదు. సైట్లు కూడా అమ్మేవాళ్ళ మీదకు నెట్టేసి ఊరుకోకుండా, షుగర్ కొలుస్తానన్న ప్రతి వస్తువుకూ లైసెన్సు నంబరు చూపించమని అడగవచ్చు.

మా పెద్దాయన వాచీ పారేయలేదు. పొద్దున నడకలో అడుగులు లెక్కపెట్టుకోవడానికి పెట్టుకుంటున్నారు, ఆ పని అది బాగానే చేస్తోంది. షుగర్ అంకె కనిపించే పేజీని మనవడు తెర మీద నుంచి తీసేశాడు. గ్లూకోమీటరు మళ్ళీ భోజనాల బల్ల మీదకు వచ్చింది, పక్కనే తేదీలు వేసిన చిన్న నోటుపుస్తకం.