కనెక్షన్ రెఫ్యూజ్డ్ అంటే అటు ప్రాణం ఉన్నట్టే

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140–150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. వేలాది కరెంటు స్తంభాలు కూలిపోయాయి. ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్ చాలావరకు ఆ స్తంభాల మీదుగానే సాగుతుంది. తక్కువ ఖర్చుతో ఊరూరికీ ఇంటర్నెట్ ఇవ్వడానికి ఎంచుకున్న దారి అది. స్తంభం పడితే కరెంటుతో పాటు నెట్టూ పోతుంది.

ఇలాంటి తీరంలో బ్యాకప్ ఉన్న ఊళ్లోనే ఉంటే చాలదు, దూరాన ఇంకోచోట కూడా ఉండాలి. అంత దూరం పంపేటప్పుడు ఎక్కువగా ఇబ్బంది పెట్టేది డిస్కు కాదు, నడుమ ఉన్న నెట్‌వర్కు.

బాకులా సంగతే చూద్దాం. కెర్న్ సిబ్బాల్డ్ 2000 జనవరిలో మొదలుపెట్టిన ఈ ఉచిత బ్యాకప్ సాఫ్ట్‌వేర్ 2002 ఏప్రిల్‌లో అందరి చేతికీ వచ్చింది. ఇందులో పనిని ముగ్గురు పంచుకుంటారు. ఏది ఎప్పుడు దాచాలో చెప్పేది డైరెక్టర్. ఫైళ్లున్న కంప్యూటర్లో నడిచేది ఫైల్ డీమన్. డిస్కు మీదో టేపు మీదో రాసేది స్టోరేజ్ డీమన్. వీటి పోర్టులు వరుసగా 9101, 9102, 9103.

పలాసలోని ఒక జీడిపప్పు వ్యాపారి లెక్కలు విశాఖపట్నంలోని సర్వర్‌కు చేరాలనుకుందాం. డైరెక్టర్ పలాసను పలకరిస్తుంది, స్టోరేజ్‌నూ పలకరిస్తుంది. రెండూ పలుకుతాయి. అయినా బ్యాకప్ నడవదు. ఎందుకంటే అసలు డేటా డైరెక్టర్ గుండా వెళ్లదు. పలాస కంప్యూటరే నేరుగా స్టోరేజ్‌కు కనెక్ట్ కావాలి. ఆ చిరునామా ఇచ్చేది డైరెక్టర్. అక్కడ ఎవరో ‘లోకల్‌హోస్ట్’ అని రాసి ఉంటే, పలాస కంప్యూటర్ తనలోనే స్టోరేజ్ కోసం వెతుక్కుంటుంది. పరీక్ష డైరెక్టర్ దగ్గర కూర్చుని చేస్తే ఈ తప్పు ఎప్పటికీ దొరకదు. పలాస నుంచే 9103ను తట్టి చూడాలి.

అప్పుడు వచ్చే జవాబును జాగ్రత్తగా చదవాలి. ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అని వెంటనే వస్తే సాధారణంగా అది మంచి కబురే: దారి ఉంది, అటు కంప్యూటర్ వెలుగుతోంది, ఆ పోర్టు దగ్గర ప్రోగ్రామ్ మాత్రం లేదు. చాలాసేపు ఊరించి ‘టైమ్డ్ అవుట్’ అని వస్తే కేబుల్ తెగిందో, చిరునామా తప్పో, ఫైర్‌వాల్ మింగేస్తోందో వెతకాలి. ఈ రెండింటినీ ‘నెట్ లేదు’ అని ఒకే గాటన కట్టడం వల్లే సగం కాలం వృథా అవుతుంది.

ఇంకో రకం వైఫల్యం మరీ బాధాకరం. డేటా అంతా గంటల తరబడి చక్కగా చేరుతుంది, చివరి నిమిషంలో పని విఫలమైందని వస్తుంది. పలాస, స్టోరేజ్ మాట్లాడుకుంటున్నంతసేపూ డైరెక్టర్ లైను మూగగా ఉంటుంది. నడుమ ఉన్న ఫైర్‌వాల్ దాన్ని చచ్చిన లైనుగా లెక్కగట్టి మరిచిపోతుంది. మూగగా ఉన్న కనెక్షన్‌ను పలకరించే ‘కీప్‌అలైవ్’ ఏర్పాటు టీసీపీలో ఉంది కానీ, మామూలుగా ఆ పలకరింపుల ఎడం రెండు గంటలకు తగ్గకూడదన్నది 1989 నాటి ఆర్ఎఫ్‌సీ 1122 నియమం. లినక్స్‌లో ఇప్పటికీ 7200 సెకన్లే. అందుకే బాకులా సొంతంగా ‘హార్ట్‌బీట్ ఇంటర్వల్’ పెట్టుకుంది. అక్కడ 60 అని రాస్తే నిమిషానికోసారి చిన్న పలకరింపు వెళ్తుంది, లైను నిలుస్తుంది.

అమెరికా సైన్యపు పరిశోధనాలయంలో మైక్ మూస్ 1983 డిసెంబర్‌లో రాసిన పింగ్ ఇప్పటికీ మొదటి పరీక్ష. అయితే పింగ్ పలికినా బ్యాకప్ ఆగిపోవచ్చు. పీపీపీఓఈ పద్ధతిలో నడిచే లైన్లలో ప్యాకెట్ పరిమితి 1500 కాదు, 1492 బైట్లు. ముక్కలు చేయవద్దని చెప్పి 1464 బైట్ల పింగ్ పంపితే (హెడర్లతో కలిపి 1492) వెళ్తుంది, 1472 పంపితే (హెడర్లతో 1500) వెళ్లదు. చిన్న పలకరింపులు దాటి, పెద్ద డేటా ఇరుక్కుంటోందని అప్పుడు తేలుతుంది.

బాకులా నుంచి చీలిన బారియోస్ 2016 నాటి 16.2 వెర్షన్లో దిశనే తిప్పే వీలు కల్పించింది. డైరెక్టర్ పలాసను వెతుక్కుంటూ రానక్కర్లేదు. రూటర్ చాటున ఉన్న పలాస కంప్యూటరే, లైను ఎప్పుడు బాగుపడితే అప్పుడు, డైరెక్టర్‌కు కనెక్షన్ తెరుస్తుంది.